తిట్లతో వంట నేర్పిన అక్క

మంగళవారం పొద్దున బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. అక్క మనవరాలు. "మా పోయింది ఆంటీ," అంది. ఇక్కడి మనవలు అవ్వను 'మా' అంటారు. నిద్రలోనే పోయిందట. ఎనభై నాలుగేళ్ళు. ఆసుపత్రి లేదు, మంచాన పడటం లేదు. ముందు రోజు భోజనంలో చారుకి ఉప్పు చాలలేదని కోడల్ని తిట్టి, ఆ చారే రెండు గిన్నెలు తాగి పడుకుందట.

"చివరగా ఏమైనా అందా అమ్మా?" అని అడిగాను.

మనవరాలు ముక్కు చీదుకుంది. "అమ్మ దుప్పటి కప్పబోతే 'నీ మొహం మండ' అందట ఆంటీ."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. బియ్యం ఎన్నిసార్లు కడిగానో మర్చిపోయాను. అలాంటివి మర్చిపోయే మనిషిని కాదు నేను.

డర్బన్ శివారు చాట్స్‌వర్త్‌లో వాళ్ళింటికి వెళ్ళేసరికి ముందు గదిలో భజన జరుగుతోంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు కీర్తనల పుస్తకాలు అందరి చేతుల్లో ఉన్నాయి. మనవరాలు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఆంటీ, మీకు అసలైన తెలుగు వచ్చు కదా. మా నన్ను పుట్టినప్పట్నుంచీ 'దరిద్రపుగొట్టు మొహమా' అని పిలిచేది. అంటే ఏంటి?"

ఈ మాట వినగానే మిగతా మనవలూ చుట్టూ చేరారు. ఒకడు 'పీనుగ' అట. ఇంకొకడు 'మొద్దు గాడిద' అట. వాళ్ళ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బంగారుతల్లీ అని," అన్నాను.

"మరి పీనుగ?"

"బంగారుకొండ."

మొద్దు గాడిద తన అర్థం అడగకుండానే కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నిఘంటువు ఒప్పుకోదు గానీ, అక్క ఒప్పుకునేది.

తర్వాత పెద్దవాళ్ళు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడి, గ్లాసుడు నీళ్ళు తాగి, మళ్ళీ కూర్చున్నాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నల్లవాళ్ళు కూడా మొదటిసారి ఓటేసిన ఎన్నికలు జరిగిన మరుసటి ఏడాది మేం ఈ దేశం వచ్చాం. లేడీస్మిత్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తున్నామని మా వారికి ఉత్తరం వచ్చింది. మేం పెట్టెలతో దిగేసరికి మా చేతిలో ఉత్తరం ఉంది గానీ, అక్కడ ఆ విభాగం లేదు. మూసేశారు. డర్బన్ పెద్ద ఊరు, అక్కడైతే ఏదో ఒకటి దొరుకుతుందని ఎవరో అంటే రైలెక్కాం. క్లెయిర్‌వుడ్‌లో ఒక ఇంటి వెనక గది అద్దెకు దొరికింది. ముందు లారీల యార్డు, వెనక గోదాము, మధ్యలో ఒక కరివేపాకు చెట్టు, ఆ చెట్టు కింద మేం.

మా తిరుగు టికెట్లకు ఇంకా మూడు నెలల గడువుంది. ఆలోపు ఇద్దరిలో ఒక్కరికైనా నిలకడైన పని దొరక్కపోతే తెనాలి వెళ్ళిపోదామని ఒప్పందం చేసుకున్నాం. తెనాలి స్టేషన్లో మాకు దండలు వేసి పంపించారు. అంత తొందరగా ఏ మొహం పెట్టుకుని రైలు దిగుతాం?

మా వారు పొద్దున్నే ఫైలు పట్టుకుని ప్రాస్పెక్టన్‌లో ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నిలబడేవారు. నేను మా వీధిలోని దుకాణాల పట్టిక రాసుకున్నాను. సోమవారం కుడివైపువి, మంగళవారం ఎడమవైపువి. అడిగినచోట ఒక టిక్కు, కాదన్నచోట ఒక అడ్డగీత. మంగళవారం మధ్యాహ్నానికి పట్టికంతా అడ్డగీతలే. ఇక మిగిలింది ఒక రెస్టారెంటు. దాని వెనక తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపల్నుంచి వినిపించింది.

"ఎలుగు, పాడుదానా! ఎలగవే! నీ దుంప తెగ!"

ఆ ఊళ్ళో నా భాషను మొదటిసారి విన్నది ఒకావిడ గ్యాసు పొయ్యిని తిడుతుండగా. తొంగి చూశాను. పొట్టిగా, లావుగా, తలకు గుడ్డ కట్టుకుని, అగ్గిపెట్టెతో పొయ్యి ముందు వంగి ఉంది.

"మీరు తెలుగువారా అండీ?"

ఆవిడ నన్ను చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, తన వెనక ఇంకెవరున్నారో చూసింది.

"మీరు ఏటే? ఎంతమంది ఉన్నారు ఇక్కడ? నేను ఒక్కదాన్నే కదా."

చెరకు తోటల్లో కూలికి వచ్చిన వాళ్ళ తాతలతో ఓడెక్కిన తెలుగులో మర్యాదలు ఎక్కినట్టు లేదు. ఆవిడ దగ్గర మిగిలిందల్లా దేవుడి పేర్లు, చుట్టరికాలు, కూరల పేర్లు, తిట్లు. ఇక క్రియలంటారా, ఎవరు చేసినా 'చేసింది' అనేది. నేను చేసింది, బాసు చేసింది, అందరూ చేసింది.

"సరే ఆంటీ..."

"ఆంటీ అని కస్టమర్లు అంటారు. అవ్వ అంటే చీపురు తీస్తాను. అక్క అను. నువ్వు నిజం ఇండియానా?"

నిజం ఇండియానేనని చెప్పాను. ఆ మాట ముందు గదిలో ఉన్న యజమాని చెవిన పడింది. అందరూ ఆయన్ని బాస్ అనేవారు. ఆయన కుటుంబం నాలుగు తరాలుగా ఇక్కడే ఉంది, ఇండియా మొహం చూడలేదు. అన్నేళ్ళూ రెండు దేశాలకూ రాకపోకలు లేవు. కొత్త ప్రభుత్వంతో అప్పుడే తలుపులు తెరుచుకున్నాయి. ఇండియా నుంచి ఏది వచ్చినా బాస్‌కి గొప్పే. ఇంటర్వ్యూ మొత్తం ఇంగ్లీషులో, నిలబడే అయిపోయింది.

"మీరు ఇండియా నుంచి వచ్చారా?"

"అవునండీ."

"వంట వచ్చా?"

"నలుగురికైతే..."

"రేపట్నుంచి రండి."

వారం తిరిగేసరికి రెస్టారెంటు మీద కొత్త బోర్డు వెలిసింది. 'ఇండియా నుంచి వచ్చిన షెఫ్' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు, పక్కన పొడుగు టోపీతో, మెలితిప్పిన మీసాలతో ఒక బొమ్మ. బోర్డులు రాసేవాడి దగ్గర ఆ ఒక్క బొమ్మే ఉందట. కొందరు కస్టమర్లు లోపలికి తొంగి చూసి, "ఆయన ఇవాళ సెలవా?" అని నన్నే అడిగేవారు.

బాస్ నన్ను బటర్ చికెన్ చేయమన్నాడు. నేనెప్పుడూ అది తిననైనా తినలేదు. బొంబాయిలో విమానం మారడం తప్పితే నేను చూసిన ఉత్తరాది లేదు. ఆ సంగతి బాస్‌కి చెప్పే ధైర్యం లేక అక్కకు చెప్పాను.

"బటర్ ఉంది. చికెన్ ఉంది. ఇంకేటి కావాలి?" అని అక్క తన కోడికూరలో వెన్నముద్ద పడేసింది. రెండు బంగాళాదుంపలు కూడా వేసింది. బాస్ రుచి చూసి, "ఇదీ అసలైన ఇండియా!" అన్నాడు.

బంగాళాదుంప లేని కూర అక్క దృష్టిలో కూరే కాదు. మాంసంలో దుంప, కోడిలో దుంప, చివరికి ఇక్కడివాళ్ళు బీన్స్ అనే ఎండు చిక్కుడుగింజల కూరలో కూడా దుంప. "మాంసానికి బిల్లు కడతారు, దుంప కోసం వస్తారు," అనేది. ఆకలితో వచ్చినవాళ్ళకు మొదట నీళ్ళ గ్లాసు పెట్టి, ఆ తర్వాతే ఏం కావాలని అడగమనేది. "ఖాళీ కడుపుతో మనిషి తప్పు ఆర్డరు ఇస్తాడు. తర్వాత మన మీద పడతాడు." పొయ్యి వెలిగించే ముందు చేతులు జోడించి, "గోవిందా, ఇవాళ నన్ను కాల్చకు, కావాలంటే బాసుని కాల్చు," అని దణ్ణం పెట్టేది.

నాకేమో ప్రతిదీ పుస్తకంలో రాసుకోకపోతే తోచదు. అక్క కొలతలు మూడే: ఒక చెయ్యి, సగం చెయ్యి, కోపం చెయ్యి. మిరప్పొడికి మాత్రం ఎప్పుడూ కోపం చెయ్యే. నేను ఆవిడ గుప్పెట్లోంచి పడేది గిన్నెలో పట్టి, చెంచాలతో కొలిచి, 'కోపం చెయ్యి అంటే రెండు చెంచాల ముప్పావు' అని రాసుకున్నాను. బాస్‌తో గొడవైన రోజున మూడున్నర. ఆ తేడా కూడా పక్కన రాసుకున్నాను.

డబ్బాలన్నిటికీ తెలుగులో పేర్లు రాసి అంటించాను. అక్క చాలాసేపు వాటినే చూసింది. అప్పటిదాకా తెలుగును రాతలో చూడలేదట.

"ఇది మనదా?"

"మనదే అక్కా. ఇది జీలకర్ర. ఇది ధనియాలు."

"మురుకుల్లా ఉన్నాయే," అని వేలితో ఒక్కొక్కటీ తడిమింది. తర్వాత ఉప్పు డబ్బా నా ముందు పెట్టింది. "దీని మీద 'ముట్టుకుంటే చేతులిరగ్గొడతా' అని రాయి. బాసు రోజూ కూరలో ఉప్పేసి పోతున్నాడు." రాశాను. బాస్ ఆ అక్షరాలు చూసి, చాలా అందంగా ఉన్నాయని మెచ్చుకుని, మామూలుగా ఉప్పేసి వెళ్ళాడు.

అలా రెండు నెలలు గడిచాయి. మా వారికి ఇంకా పని దొరకలేదు. ఒకరోజు బాస్ నన్ను పిలిచి, నెలాఖరున నన్ను ఖాయం చేస్తానన్నాడు. నా గుండె తేలికపడింది. ఆయన ఇంకా ముగించలేదు.

"ఆంటీకి వయసైపోతోంది. అంతా నేర్చేసుకోండి. నెలాఖరుకి ఆవిడ ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుంటారు. ఉన్నది ఒకే పొయ్యి, ఇద్దరు వంటవాళ్ళెందుకు?"

అక్క వయసు అప్పటికి యాభై దాటి ఎంతో కాలేదు. భర్త లేడు. ఆవిడకు విశ్రాంతి అంటే చాట్స్‌వర్త్‌లో ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం. గోడల్ని తిడితే అవి వెలగవు కదా. నేను ఉండిపోతే అక్క వెళ్ళాలి. అక్క ఉంటే మేం తెనాలి రైలెక్కాలి. కాగితం మధ్యలో గీత గీసి రెండు వైపులా రాసి చూశాను. ఎటు చూసినా తప్పే.

దాచలేక ఆ సాయంత్రం బస్టాపులో అక్కకు చెప్పేశాను. ఎదురుగా లారీల యార్డు. ఒకప్పుడు అక్కడ వాళ్ళ నాన్న వంకాయలు పండించేవాడట. అక్క అటే చూస్తూ వింది.

"నాకు తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"బోర్డు రాసినప్పట్నుంచి. మీసాలోడి పక్కన ముసలిది లేదు కదా."

"తెలిసీ నాకెందుకు నేర్పుతున్నావక్కా?"

"మా అవ్వ ఓడ దిగింది. ఎవరో ఒకామె పొయ్యి ఎక్కడుందో చూపించింది. 'నువ్వెందుకొచ్చినావు, పో' అనలేదు." అంతలో బస్సు వచ్చింది. అక్క మెట్టెక్కుతూ తిరిగి చూసింది. "ఏడవకు, మొద్దు మొహమా. రేపు శుక్రవారం. బీన్స్ నానబెట్టినావా?"

శుక్రవారం ఇక్కడి మనవాళ్ళు చాలామంది మాంసం తినరు. ఆరోజు బన్నీలదే రాజ్యం. తెనాలివాళ్ళకు చెప్పాలంటే, ముక్కలు కోయని బ్రెడ్డును నాలుగో వంతుకు తెగ్గోసి, లోపలి మెత్తటి భాగం తీసేసి, ఆ గుంటలో కూర నింపుతారు. అదీ బన్నీ. వాటిని కోసి నింపే పని ముందు కౌంటరు దగ్గర అక్కే చేసేది. నేనెప్పుడూ వెనక ఉల్లిపాయల దగ్గరే. కూరను అన్నంలో తినడమే తప్ప, తయారైన బన్నీని నేను దగ్గర్నుంచి చూసిందీ లేదు, తిన్నదీ లేదు.

ఆ శుక్రవారం అక్క బస్సు దారిలో ఆగిపోయింది. పదకొండయినా రాలేదు. నేను పుస్తకం తెరిచి, కోపం చెయ్యితో సహా అన్నీ కొలిచి బీన్స్ వండాను. బాగా కుదిరింది. ఆ ధైర్యంతో బ్రెడ్లు ముందేసుకున్నాను. గుత్తివంకాయకు గంటు పెట్టినంత శ్రద్ధగా ఒక్కొక్క దాని లోపలి ముద్ద తీసి, అంచులు సమంగా చెక్కి, కూర నింపి, కాగితంలో చుట్టి కౌంటరు దగ్గరున్న బాస్‌కి అందించాను. తీసిన ముద్దలన్నీ ఒక బేసిన్లో వేశాను. చూస్తుండగా కొండలా పెరిగాయి. అంత తిండి పారేయడానికి నాకు చేతులు రాలేదు. ఆవాలు, పచ్చిమిరప, కరివేపాకు, పసుపు వేసి తాళింపు పెట్టి, నిమ్మకాయ పిండి, ఉప్మా చేసేశాను. ఇంతకాలం ఈ సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదా అనుకుంటూ, కొంచెం గర్వంగానే ఉన్నాను.

కౌంటరు దగ్గర గోల మొదలైంది.

వెళ్ళి చూశాను. రేవులో పనిచేసే పొడుగాటి జూలూ మనిషి ఒకాయన, ప్రతి శుక్రవారం వచ్చేవాడు, బన్నీని రెండు అరచేతుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"హావు, సిసీ, చెల్లెమ్మా! దీని తల ఏది?"

"తల ఏంటండీ?"

"పైన ఉండే బ్రెడ్డు! దాంతోనే కదా ముంచుకుని తినేది. చెంచా లేదు, మూత లేదు. నేను దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఆయన వెనక ఇరవై మంది, ఇరవై బన్నీలు పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నన్నే చూస్తున్నారు. ఒకతను ధైర్యం చేసి అంచు కొరికాడు. బీన్స్ మోచేతి దాకా కారాయి. అప్పుడు అర్థమైంది. తీసిన ముద్దను మళ్ళీ పైన పెట్టి ఇవ్వాలి. చేత్తో పీకిన బ్రెడ్డును అతిథికి పెట్టకూడదని నేను శుభ్రం పాటించాను. నేను పాటించిన శుభ్రం అందరి చొక్కాల మీదా పడుతోంది.

సరిగ్గా అప్పుడు అక్క వెనక తలుపులోంచి రొప్పుతూ వచ్చింది. బేసిన్ చూసింది. వరుస చూసింది. నన్ను చూసింది.

"బన్నీకి తలకాయ కోసి తాళింపేసినావా! నీ దుంప తెగ, ఇండియాలో ఇదే నేర్పింది?"

బాస్ కూడా లోపలికి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "ఈ పని ఎవరు చేయమన్నారు?"

నేను గరిటె కింద పెట్టాను. నాకు తిరుగు టికెట్లు కనిపిస్తున్నాయి. ఇప్పుడు అక్క ఏమీ అనకుండా పక్కకు తప్పుకుంటే చాలు, ఆవిడ చోటు ఆవిడకు ఉంటుంది. నిజం చెప్పాలంటే, అదే జరిగితే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది. నిర్ణయం నా చేతిలోంచి పోతుంది కదా.

"నేనే చెప్పింది," అంది అక్క.

"ఆంటీ, మీరు ఇప్పుడే బస్సు దిగారు!"

"నిన్న చెప్పింది. ముప్పై ఏళ్ళు ఒకటే మూత తింటున్నారు పాపం. మార్చి సూడమంది."

అక్క బాస్ తేరుకునేదాకా ఆగలేదు. బేసిన్ ఎత్తుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళి, పెద్ద గరిటెతో ఉప్మా తీసి, గట్టిగా ముద్దచేసి, జూలూ ఆయన బన్నీ మీద మూతలా అదిమింది. ఆయన ఏదో అనబోతే జూలూలో తిట్టింది. ఆయన నవ్వేశాడు. వేళ్ళతో ఉప్మా తుంచి, బీన్స్‌లో ముంచి, నోట్లో పెట్టుకున్నాడు. ఇరవై మందీ ఆయన నోటినే చూశారు.

"బాగుంది మామా," అన్నాడు నెమ్మదిగా. వాళ్ళ భాషలో మామా అంటే అమ్మ. "కానీ వచ్చే శుక్రవారం నా బ్రెడ్డు కూడా నాకివ్వాలి. రెండూ."

దాంతో వరుస కదిలింది. అరగంటలో బేసిన్ ఖాళీ. ఆ పచ్చటిది ఇంకా ఉందా అని అడిగినవాళ్ళకు లేదని చెప్పింది బాసే.

రద్దీ తగ్గాక బాస్ వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"నెలాఖరుకి ఎవరిని ఉంచాలో నాకు అర్థం కావడం లేదు."

"ఇద్దరం," అంది అక్క. "లేదా ఇద్దరం పోతాం. బోర్డు మీద మీసాలోడు ఉన్నాడు కదా, ఆడితో ఒండించుకో."

బాస్ నవ్వు ఆపుకోబోయాడు గానీ వల్లకాలేదు. చివరికి, "సరే ఆంటీ, సరే. జీతాల సంగతి నేను చూసుకుంటాను. కానీ ఉన్నది ఒకే పొయ్యి. ఇద్దరూ ఎక్కడ నిలబడతారు?" అన్నాడు.

నేను అక్కడ నాలుగేళ్ళు పనిచేశాను. ఆ ఏడాది చివర్లో మా వారికి ప్రాస్పెక్టన్‌లో ఉద్యోగం వచ్చింది. తర్వాత పిల్లలు పుట్టి నేను మానేశాను. అక్క ఇంకో పదిహేనేళ్ళు ఆ వంటింటిని తిట్టింది. అదంతా ఆ తర్వాతి సంగతి. ఆరోజు అక్క బాస్ ప్రశ్నకు మాటతో జవాబు చెప్పలేదు.

పెద్ద మంట మీద ఆవిడ బీన్స్ తపేలా ఉంది. రెస్టారెంటు తెరిచిన నాటి నుంచీ అది అక్కడే. కడిగినా మళ్ళీ అక్కడే బోర్లించేది. ఇంకెవరి గిన్నెనూ అక్కడ పెట్టనిచ్చేది కాదు. అక్క రెండు చేతులకూ మసిగుడ్డలు చుట్టుకుని, తపేలా చెవులు పట్టుకుని, "జరుగు," అని దాన్ని పక్కకు లాగింది. ఒక్క జానెడు. అది జరిగిన చోట, పొయ్యి ఇనుము మీద, ముప్పై ఏళ్ళు తపేలా అడుగు రాసుకుని అరిగిపోయిన గుండ్రటి జాడ బయటపడింది. సగం ఇంకా తపేలా కిందే ఉంది. మిగతా సగం తళతళలాడుతూ నా ముందు ఖాళీగా ఉంది.